బీరువాలో బొచ్చు దొంగ

ఉన్నినీ పట్టునూ తొలిచేసే కార్పెట్ బీటిల్ రాయ్‌పూర్ ఇళ్లలో చిమ్మెట పేరు చాటున నిశ్చింతగా బతికేస్తోంది. దాన్ని చంపడానికి వాడే మందు మాత్రం అంతకన్నా ప్రమాదకరం

రాయ్‌పూర్‌లో చలి ఆలస్యంగా వస్తుంది, తొందరగా వెళ్లిపోతుంది. రాత్రి ఉష్ణోగ్రత 12, 13 డిగ్రీలకు దిగే ఆ కొద్ది వారాల కోసం శంకర్‌నగర్, దేవేంద్రనగర్ లాంటి కాలనీల్లో నవంబర్‌లోనే ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి. పది నెలలుగా మూతపడి ఉన్న పెట్టెలోంచి ముందుగా బయటికొచ్చేది కలరా ఉండల ఘాటు. ఆ తర్వాత శాలువా, తాతగారి కోటు, పెళ్లినాటి కోస పట్టుచీర. దులిపి వెలుతురుకు పట్టి చూస్తే కొన్నింట్లో ఒక మడత పొడవునా జల్లెడలా చిల్లులు కనిపిస్తాయి. హిందీలో అయితే 'కీడా లగ్ గయా'. తెలుగు ఇళ్లలో అయితే చిమ్మెట కొట్టింది. ఏ భాషలో తిట్టినా నింద పడేది గోధుమ రంగు రెక్కలతో బీరువా సందుల్లోంచి ఎగిరే ఆ చిన్న చిమ్మెట మీదే.

చాలా సందర్భాల్లో అది చేయని నేరం. అసలు దొంగ ఎగరదు, గూడు అల్లదు, వెలుతురు కంటబడితే మడత లోపలికి జారుకుంటుంది. ఒళ్లంతా బొచ్చు, చారలు, బియ్యపు గింజ కన్నా చిన్న ఆకారం. కీటక శాస్త్రజ్ఞులు డెర్మెస్టిడ్లని పిలిచే పెంకుపురుగుల కుటుంబంలో అదో పిల్లపురుగు. ఇంగ్లిషు లోకం దానికి కార్పెట్ బీటిల్ అని పేరు పెట్టింది. తివాచీలు లేని ఇళ్లకూ అది వస్తుంది కాబట్టి ఆ పేరు కొంత తప్పుదోవ పట్టించేదే. రాయ్‌పూర్‌లో ఎన్ని ఇళ్లలో ఉన్ని తివాచీలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పట్టుచీర లేని ఇల్లు మాత్రం అరుదు.

తల్లి తేనె తాగుతుంది, పిల్ల కోటు తింటుంది

ఈ పురుగు జీవితంలో రెండు అంకాలున్నాయి, ఒకదానితో మరొకదానికి పోలికే లేదు. పెద్ద పురుగు 2 నుంచి 4 మిల్లీమీటర్ల గుండ్రటి జీవి. తెలుపు, పసుపు, గోధుమ రంగు పొలుసులతో అచ్చం చిన్న ఆరుద్ర పురుగంత ముచ్చటగా ఉంటుంది. దానికి కావలసింది పూల పుప్పొడి, మకరందం. తెల్లని పూలంటే మరీ ఇష్టం. గుడ్లు పెట్టే పని ముగియగానే వెలుతురు వైపు నడుస్తుంది కాబట్టి కిటికీ అంచుల్లో చచ్చి పడి ఉండేది ఇదే. ఇంటావిడ దాన్ని చీపురుతో ఊడ్చేసి ఊరుకుంటుంది. బీరువాకూ కిటికీకీ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది?

అసలు వినాశనం ఆ తల్లి పెట్టి వెళ్లిన 30 నుంచి 100 దాకా గుడ్లలో ఉంది. ఒకటి నుంచి మూడు వారాల్లో అవి పొదుగుతాయి. బయటికొచ్చిన పిల్లపురుగుకు కావలసింది జంతువుల నుంచి వచ్చిన పదార్థమే: ఉన్ని, ఈకలు, బొచ్చు, తోలు, వెంట్రుకలు, గోళ్ల ముక్కలు, చచ్చిన ఈగలు. వీటిలో చాలావాటికి మూలం కెరటిన్ అనే ప్రోటీన్. మనిషి కడుపు దాన్ని అరిగించుకోలేదు, ఈ పురుగు కడుపు అరిగించుకుంటుంది. పట్టులో ఉన్నది వేరే ప్రోటీన్. అయినా చెమట, నూనె, పాయసం మరక అంటిన పట్టు దొరికితే వదిలిపెట్టదు. నూలు బట్టలో దానికి తిండి లేదు. నూలు చీర మీద పెరుగు పడి ఎండిపోతే మాత్రం ఆ మరకతో పాటు బట్టనూ కొరికేస్తుంది.

ఇక్కడే రాయ్‌పూర్ మధ్యతరగతికి ఒక చిన్న ఊరట ఉంది. చలికాలంలో రోడ్డు పక్క వెలిసే స్వెటర్ల దుకాణాల్లో చౌకగా దొరికే సరుకులో అధిక భాగం అక్రిలిక్. ప్లాస్టిక్ సంతతికి చెందిన ఆ దారాన్ని తిని ఏ పురుగూ బతకలేదు. 400 రూపాయల స్వెటర్ పదేళ్లు చెక్కుచెదరకుండా ఉండి, దాని కింద మడిచిన అసలైన కాశ్మీరీ శాలువా జల్లెడ కావడంలోని రహస్యం ఇదే. పురుగు రుచి తెలిసిన మనిషిలాగే ఖరీదైనదాన్ని ఎంచుకుంటుంది.

చల్లని దేశాల్లో పిల్లపురుగు దశ ఏడాది, ఒక్కోసారి రెండు మూడేళ్లు సాగుతుంది. ఏడాదిలో అధిక భాగం వేడిగా ఉండే మధ్య భారతంలో అంత ఓపిక అక్కర్లేదు. కొన్ని నెలల్లోనే ఒక తరం ముగిసి మరో తరం మొదలవుతుంది. పెరిగే కొద్దీ పురుగు అనేకసార్లు చర్మం విడుస్తుంది. మడతల్లో పొట్టులా రాలి కనిపించేవి ఆ విడిచిన చొక్కాలే. దొంగను గుర్తుపట్టడానికి అంతకన్నా మంచి ఆనవాలు లేదు. పల్చటి సాలెగూడు లాంటి దారం, సన్నటి గొట్టాలు ఉంటే అది చిమ్మెట పని, చిల్లులు కూడా అక్కడొకటి ఇక్కడొకటిగా చెదిరి ఉంటాయి. దారం ఏమీ లేకుండా పొట్టు మాత్రమే ఉండి, ఒకే చోట బట్ట విస్తారంగా అరిగిపోయి ఉంటే అది కార్పెట్ బీటిల్. గంజి పెట్టిన నూలు బట్టనూ పుస్తకాల అట్టలనూ గీకేసే వెండి రంగు సిల్వర్‌ఫిష్ మూడో రకం. బాత్‌రూం గోడ మీద సిమెంటు రేణువులు అంటుకున్న చపట గూడులో తల బయటపెట్టి పాకేది మరో రకం చిమ్మెట పిల్ల. నాలుగింటికీ ఒకటే మందు వేసే ఇంట్లో సాధారణంగా నాలుగూ బతికే ఉంటాయి.

బొచ్చు వల్ల మరో చిక్కుంది. పిల్లపురుగు తోక దగ్గర కుచ్చులుగా ఉండే రోమాల కొసలు బల్లెం మొనలా ఉంటాయి. తేలిగ్గా ఊడి దుప్పట్లలో, పరుపుల్లో కలిసిపోతాయి. వాటి వల్ల కొందరికి దురద, ఎర్రటి దద్దుర్లు వస్తాయి. నల్లి కుట్టిందనుకుని మంచాలు ఎండలో వేసి, కిరోసిన్ పోసి, చివరికి పరుపే మార్చేసిన వాళ్లుంటారు. ఈ పురుగు మనిషిని కుట్టదు, రక్తం తాగదు. అది తన చొక్కా విడిచి వెళ్లింది, అంతే.

కోస ఊళ్లో పురుగు లెక్క

ఛత్తీస్‌గఢ్‌లో ఈ కుటుంబం ఇళ్లకే పరిమితం కాదు. రాష్ట్రానికి పేరు తెచ్చిన కోస పట్టు మొదటి మజిలీ నుంచే దీనితో పోరాడుతుంది. తెలుగువాళ్లు టస్సర్‌గా ఎరిగిన ఈ పట్టును ఇచ్చేది మల్బరీ పురుగు కాదు. మద్ది చెట్ల మీద, బస్తర్ అడవుల్లో అయితే సాల వృక్షాల మీద కూడా పెరిగే ఆంథెరియా మైలిట్టా అనే అడవి పట్టుపురుగు. తెలంగాణలోని మహదేవ్‌పూర్, చెన్నూరు ప్రాంతాల్లో గిరిజన రైతులు పెంచేదీ అదే. ఛత్తీస్‌గఢ్‌లో పట్టుకాయలు చాంపా, కోర్బా, రాయ్‌గఢ్ మగ్గాలకు చేరతాయి. అక్కడ నేసేవాళ్లలో ఎక్కువ మంది దేవాంగన్లు. ఆంధ్ర, తెలంగాణల దేవాంగుల పేరుకు ఈ పేరు ఎంత దగ్గరో చెప్పనక్కర్లేదు. చాంపా చీరకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రాయ్‌పూర్‌లోని పండరీ బట్టల బజారులో దాన్ని అడగని పెళ్లివారుండరు.

పట్టుకాయలో ఉన్న జీవి సీతాకోకగా మారి బయటికొస్తే కాయకు చిల్లు పడి దారం తెగుతుంది. అందుకే తీతకు ఉద్దేశించిన కాయల్ని ఎండలో గానీ ఆవిరితో గానీ వేడిచేసి లోపలి ప్యూపాను చంపుతారు. తర్వాత గిడ్డంగిలో నెలల తరబడి నిల్వ. ఇప్పుడు ఒక్కో కాయలో ఎండిన మాంసం ముక్క ఉన్నట్టు లెక్క. డెర్మెస్టిడ్లకు అంతకన్నా విందు ఏముంటుంది? వాసన పట్టి వచ్చి, కాయ గోడకు కన్నం వేసి లోపలికి వెళ్లి తినేసి వస్తాయి. పట్టు పరిశ్రమలో ఇవి గుర్తింపు పొందిన నిల్వ శత్రువులు. అవి తిన్నది ప్యూపానే కావచ్చు. నష్టపోయింది మాత్రం వందల మీటర్ల పొడవున ఏకధారగా రావలసిన దారం. చిల్లు పడిన కాయను అంతా పారేయనక్కర్లేదు. దాన్నుంచి ఘీచా అనే ముతక నూలు తీస్తారు. అయితే తీత దారం ధర వేరు, ఘీచా ధర వేరు. తొడ మీద దారం తీసే పాత పద్ధతి స్థానంలో యంత్రాలు పెట్టుకుని ఇప్పుడిప్పుడే నాలుగు రాళ్లు చూస్తున్న ఆడవాళ్ల చేతికి ఆ తేడా కూలిలోనే తెలుస్తుంది.

తెలుగు నేలకూ ఈ కుటుంబం కొత్త కాదు. కోస్తాలో ఎండు చేపల్ని తినేసి పొడి చేసే పెంకుపురుగు ఇందులోదే. తెలంగాణ గొంగడి, ఏలూరు తివాచీ ఉన్నివి కాబట్టి దాని తిండే. వరంగల్ డర్రీ నూలుది కాబట్టి బతికిపోయింది. ఛత్తీస్‌గఢ్‌కు ఉత్తరాన మైన్‌పాట్ పీఠభూమిలో 1960ల మొదట్లో స్థిరపడిన టిబెటన్ శరణార్థులు నేసే తివాచీలూ ఉన్నివే. మొత్తం మీద ఈ పురుగు ఏ ఇంట్లో ఏది అసలైన ఉన్నో, ఏది నకిలీయో బిల్లు చూడకుండా చెప్పేయగలదు.

మ్యూజియంలకు దీనితో పాత పగ. 1761లోనే లిన్నేయస్ ఒక జాతికి మ్యూజియంల పేరు మీదుగా ఆంథ్రెనస్ మ్యూజియోరమ్ అని నామకరణం చేశాడంటే అప్పటికే అది ఎంత విసిగించిందో ఊహించుకోవచ్చు. కీటక నమూనాల పెట్టెల్లో దూరి సూదికి గుచ్చిన పురుగుల్ని తినేస్తుంది. ఈజిప్టు మమ్మీల్లోనూ ఈ కుటుంబపు పురుగులు దొరికాయి. ఇంకో వైపు అస్థిపంజరాల మీది మాంసాన్ని శుభ్రం చేయడానికి ఇదే కుటుంబంలోని డెర్మెస్టెస్ జాతిని కొన్ని మ్యూజియంలు స్వయంగా పెంచుకుంటాయి. ఒక గదిలో ఉద్యోగి, పక్క గదిలో దొంగ! రాయ్‌పూర్‌లోనూ 1875 నాటి మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం ఉంది. అలాంటి సంస్థల్లో రాతి విగ్రహాలకు ఈ బెడద లేదు. ఈకలు, తోలు, ఉన్ని, పట్టు ఉన్న అల్మారాలకే కాపలా కావాలి.

బియ్యం బస్తాలో బంధువు

ఈ కుటుంబంలో అందరికన్నా అపఖ్యాతి పొందిన సభ్యుడికి భారతీయ పేరే ఉంది: ఖప్రా. శాస్త్రీయ నామం ట్రోగోడెర్మా గ్రనేరియం. బట్టల జోలికి రాదు, ధాన్యం దాని లోకం. వేడి, పొడి వాతావరణం దానికి స్వర్గం. తిండి దొరక్కపోతే గోడ పగుళ్లలో, బస్తా కుట్ల సందుల్లో దూరి ఎదుగుదల ఆపేసుకుని ఏళ్ల తరబడి ఉండగలదు. చర్మం విడిచే కొద్దీ పెరగాల్సింది పోయి చిన్నదవుతూ కాలం గడుపుతుంది. కరువును తట్టుకునే ఈ విద్య ప్రభుత్వ గిడ్డంగులకు పెద్ద తలనొప్పి.

2023-24 ఖరీఫ్ సీజన్‌లో 144 లక్షల టన్నులకు పైగా ధాన్యం ప్రభుత్వమే కొన్న రాష్ట్రమిది. 15 ఏళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న రమణ్ సింగ్‌కు 'చావల్ వాలే బాబా' అన్న పేరు తెచ్చింది చౌక బియ్యమే. ఇక్కడ ఎన్నికలు ధాన్యం ధర చుట్టూ తిరుగుతాయి. ఆ ధాన్యం నెలల తరబడి నిల్వ ఉండే గోదాముల్లో పురుగుల నియంత్రణకు మాత్రం ఏ వేదిక మీదా చప్పట్లు రావు.

చప్పట్లు రాకపోయినా దాని నీడ సముద్రాలు దాటింది. 1953లో కాలిఫోర్నియా గిడ్డంగుల్లో ఖప్రా కనబడ్డప్పుడు దాన్ని నిర్మూలించడానికి అమెరికాకు పదేళ్లకు పైగా పట్టింది. అమెరికాలోని కొడుకు దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు సూట్‌కేసులో సోనా మసూరి తీసుకెళ్తే విమానాశ్రయంలో తీసి పక్కన పెట్టేస్తారన్నది తెలుగు కుటుంబాలన్నిటికీ తెలిసిందే. 2011లో వచ్చిన ఆ ఆంక్షకు కారణం ఈ పురుగే, ఖప్రా ఉన్న దేశాల బియ్యం సామానుతో రాకూడదని నిబంధన. 2020లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో కొత్త ఫ్రిజ్ ప్యాకింగ్‌లో అది బయటపడ్డాక ఆ దేశం కూడా ప్రయాణికుల సామానులో బియ్యం, శనగల లాంటివాటిని ఆపేసింది. బియ్యంతో ఏ సంబంధమూ లేని అట్టపెట్టెలో కూడా ప్రయాణం చేయగలిగిన పురుగు అది.

తెల్ల ఉండ, పచ్చబడ్డ పసివాడు

చీర చిల్లు పడితే రఫూ చేయించుకోవచ్చు. పురుగుకు భయపడి పెట్టెలో వేసేదాని సంగతే తీవ్రంగా ఆలోచించాల్సిన విషయం. తెలుగులో కలరా ఉండ, రాయ్‌పూర్ హిందీలో ఫినాయిల్ కీ గోలీ. నిజానికి దానికి కలరాతోనూ సంబంధం లేదు, ఫినాయిల్‌తోనూ లేదు. అది తారు నుంచి తీసే నాఫ్తలీన్. రాయ్‌పూర్‌కు కూతవేటు దూరంలోని భిలాయ్ లాంటి ఉక్కు కర్మాగారాల్లో బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే ఉప ఉత్పత్తుల్లో అదొకటి. ఏ కిరాణా కొట్లోనైనా పది, ఇరవై రూపాయలకు పొట్లం. పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాటులా తరం నుంచి తరానికి వచ్చేసింది కాబట్టి దాన్ని విషమని ఎవరూ అనుకోరు.

అది పనిచేసే తీరు తెలిస్తే వాడకంలోని వ్యర్థం కూడా తెలుస్తుంది. నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి చిక్కగా పేరుకుంటేనే పురుగు చస్తుంది. గాలి చొరబడని పెట్టెలో అది సాధ్యం. తలుపుల మధ్య వేలు పట్టే సందున్న బీరువాలో రెండు ఉండలు పడేస్తే ఆవిరి గదిలోకి పోతుంది. పురుగు బతుకుతుంది, వాసన పీల్చేది ఇంట్లోవాళ్లు. ఆవిరి గాలి కన్నా బరువైంది కాబట్టి అడుగున వేసిన ఉండ పైమడతలకు చేసే మేలు తక్కువ. పైగా కర్పూరంతో గానీ, బాత్‌రూంలలో వాడే పారాడైక్లోరోబెంజీన్ బిళ్లలతో గానీ కలిపి పెడితే రెండూ కరిగి నూనెలా మారి, కాపాడాల్సిన చీర మీదే మరక వేస్తాయి.

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో నాఫ్తలీన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. ఐరోపా సమాఖ్య 2008లో నాఫ్తలీన్ ఉండల్ని నిషేధించింది. ఛత్తీస్‌గఢ్‌లో క్యాన్సర్ కన్నా ముందు ఆలోచించాల్సింది మరొకటుంది. ఎర్ర రక్తకణాలను కాపాడే జి6పిడి అనే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. ఈ లోపం మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల్లో ఎక్కువ. మధ్య భారతంలోని గిరిజన సమూహాల్లో కొన్నింటిలో గణనీయంగా ఉంది. మగవాళ్లలో ఎక్కువగా బయటపడుతుంది. మామూలు రోజుల్లో ఏ లక్షణమూ ఉండదు. కొన్ని మందులు, కొన్ని రసాయనాలు ఒంట్లోకి వెళ్లినప్పుడు మాత్రం ఎర్రకణాలు గుంపులు గుంపులుగా పగిలిపోతాయి. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ వాటిలో ఒకటి. నాఫ్తలీన్ మరొకటి.

ఇప్పుడు మన ఇళ్లలో పురిటి ఆచారాన్ని గుర్తు చేసుకోవాలి. పుట్టిన బిడ్డకు కొత్త బట్ట వేయరు. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడిన పాత నూలు చీర ముక్కల్లో చుడతారు. ఛత్తీస్‌గఢ్‌లోనూ అంతే, శ్రీకాకుళంలోనూ అంతే. అందులో బిడ్డ చర్మం మీది ప్రేమ ఉంది, పొదుపు ఉంది. ఆ పాత చీరలు అన్నేళ్లూ ఉన్నది ఎక్కడ? ట్రంకు పెట్టెలో, కలరా ఉండల మధ్య. నూలు చీరకు కార్పెట్ బీటిల్ నుంచి ప్రమాదమే లేదు కాబట్టి ఆ ఉండ అక్కడ అనవసరం కూడా. బట్టకు పట్టిన ఆవిరిని బిడ్డ పీలుస్తుంది, పల్చటి చర్మం గుండా కొంత లోపలికి వెళ్తుంది. ఒంటికి నూనె రాసి ఉంటే ఇంకా తేలిగ్గా వెళ్తుంది.

జి6పిడి లోపం ఉన్న శిశువులో దీని ఫలితం తీవ్రమైన కామెర్లు. పగిలిన కణాల నుంచి వచ్చే బిలిరుబిన్‌ను నవజాత శిశువు కాలేయం తట్టుకోలేదు. హద్దు మీరితే అది మెదడులో చేరి శాశ్వతమైన నష్టం చేస్తుంది. వినికిడి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. 1963లోనే గ్రీస్ వైద్యులు నాఫ్తలీన్ ఆవిరి పీల్చడం వల్ల ఇలా జబ్బు పడిన 21 మంది శిశువుల వివరాలు ప్రచురించారు. అంటే వైద్య శాస్త్రానికి ఇది తెలిసి ఆరు దశాబ్దాలు దాటింది. కిరాణా కొట్టు పొట్లం మీదికి మాత్రం ఆ మాట ఇంకా చేరలేదు. పుట్టిన బిడ్డకు పచ్చదనం మామూలేనని, కాస్త ఎండలో పెడితే పోతుందని పెద్దవాళ్లు చెప్పే ధైర్యం ఇక్కడ ఖరీదైన ఆలస్యంగా మారుతుంది. కామెర్లతో వచ్చిన బిడ్డ తల్లిని వైద్యులు అడగాల్సిన ప్రశ్నల్లో బట్టలు ఎక్కడ దాచారన్నది కూడా ఉండాలి.

కాస్త పెద్ద పిల్లలకు ఇంకో ప్రమాదం. తెల్లగా, గుండ్రంగా, పిప్పరమెంటులా ఉన్న ఉండను నోట్లో వేసుకోవడానికి రెండేళ్ల పిల్లాడికి కారణం అక్కర్లేదు. జి6పిడి లోపం ఉన్న పిల్లాడైతే ఒక్క ఉండ చాలు ఆసుపత్రి పాలవడానికి. మూత్రం కాఫీ రంగులోకి మారితే అది ఆగాల్సిన సమయం కాదు.

ఇంతకన్నా ఘోరమైన మందులూ ఇళ్లలోకి వస్తున్నాయి. బియ్యం, గోధుమలకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు చట్టం ప్రకారం ప్రభుత్వ సంస్థలు, శిక్షణ పొందిన పెస్ట్ కంట్రోల్ సిబ్బంది వాడవలసినవి. 3 గ్రాముల మాత్ర ఒక్కటి గాలిలోని తేమతో కలిసి ఒక గ్రాము ఫాస్ఫీన్ వాయువునిస్తుంది. గోదాములో టార్పాలిన్ కప్పి చేసే ఆ పనిని పడకగది పక్కన బియ్యం డ్రమ్ములో చేస్తే చచ్చేది పురుగు ఒక్కటే కాదు. ఒకప్పుడు నువాన్ పేరుతో ఇంటింటా చల్లిన డైక్లోర్వాస్‌ను కేంద్రం 2020 చివరి నుంచి నిషేధించింది. తివాచీలకు పురుగు పట్టకుండా ఒకప్పుడు అద్దిన డైల్‌డ్రిన్ అంతకు చాలా ముందే ప్రపంచమంతటా నిషేధాల పాలైంది. పురుగు మాత్రం ఏ నిషేధానికీ చిక్కకుండా కొనసాగుతోంది.

పిచ్చుక గూడు నుంచి ఫ్రిజ్ దాకా

మందు కన్నా ముందు పురుగు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి. ప్రకృతిలో కార్పెట్ బీటిల్ సొంత ఇల్లు పక్షిగూడు. రాలిన ఈకలు, చచ్చిన పిల్లలు, పురుగుల అవశేషాలు అక్కడ పుష్కలం. రాయ్‌పూర్ అపార్టుమెంట్లలో ఏసీ యూనిట్ వెనక పావురం గూడు పెట్టుకోని ఫ్లాటు ఎంతో అదృష్టం చేసుకోవాలి. గూడు ఖాళీ అయ్యాక అందులోని పురుగులు కిటికీ సందులోంచి లోపలికి వస్తాయి. ట్యూబులైటు పట్టీలో పేరుకున్న చచ్చిన దీపపు పురుగులు, అటక మీద ఎండిపోయిన బల్లి, మంచం కింద చేరిన వెంట్రుకల ఉండలు వాటి తర్వాతి మజిలీలు. బీరువా చివరి మజిలీ. వానాకాలం ముగిశాక లైటు పట్టీలు తుడిచే ఇంటికీ, దీపావళికి గోడలకు మాత్రమే సున్నం వేసే ఇంటికీ తేడా పట్టుచీర మీద కనిపిస్తుంది.

రెండోది, మురికితో దాచకపోవడం. పెళ్లిలో ఒక్క పూట కట్టిన చీరే కదా అని చెమటతో అలాగే మడిచి పెట్టే అలవాటే పురుగుకు మొదటి ఆహ్వానం. ఉతకడమో, డ్రైక్లీనింగో చేశాకే లోపల పెట్టాలి. గాలి చొరబడని డబ్బా, జిప్ ఉన్న సంచి మందు కన్నా గట్టి కాపలా. పిల్లపురుగు అప్పటికే లోపల లేకపోతేనే సుమా. ఉంటే దాన్ని విందు భోజనంతో సహా తాళం వేసినట్టే.

ఉన్నదాన్ని చంపడానికి విషం అక్కర్లేని దారులు రెండున్నాయి, వేడి, చలి. వేడి విషయంలో రాయ్‌పూర్‌కు సహజ సంపద ఉంది. మే నెలలో 44, 45 డిగ్రీలకు చేరే ఎండలో నల్లటి పాలిథీన్ సంచిలో కట్టిపెట్టిన కంబళి లోపలి దాకా 55 డిగ్రీలు దాటి గంట పైన ఉంటే గుడ్డుతో సహా చస్తుంది. చీరల్ని ఏడాదికోసారి ఎండకు వేసే నాయనమ్మల పద్ధతి దీనికి దగ్గరగా వచ్చింది. దులపడం వల్ల గుడ్లు రాలిపోతాయి, వెలుతురు పడని పురుగు పారిపోతుంది. ఒక్కటే లోపం, అది పారిపోయేది పక్క చీరలోకి. కోస పట్టుకు, సహజ రంగులకు నేరుగా ఎండ మంచిది కాదు. వాటికి మ్యూజియంల దారి మేలు. చీరను పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, మూతి మూసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 నుంచి 20 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక గది వేడికి పూర్తిగా వచ్చేదాకా సంచి విప్పకూడదు, విప్పితే చీర మీద నీరు పడుతుంది. ఫ్రిజ్ పైభాగంలోని మామూలు ఐస్ అర అంత చల్లగా ఉండదని గుర్తుంచుకోవాలి. పట్టుచీర పక్కన ఐస్‌క్రీం డబ్బా చూసి అత్తగారు ఏమంటారన్నది వేరే సంగతి.

వేపాకు, వట్టివేరు, లవంగాలు, తంజావూరు సరస్వతి మహల్ తాళపత్రాల మధ్య పెట్టే వసకొమ్ము మూటల గురించి ఎవరినడిగినా నమ్మకంగా చెబుతారు. వాటి వాసన కొన్ని పురుగుల్ని కొంతకాలం దూరంగా ఉంచవచ్చు. లోపల చేరిన కార్పెట్ బీటిల్ పిల్లను చంపే శక్తి ఎండిన ఆకుకు లేదు. వాటిలో అసలు సుగుణం వేరు. కొత్త ఆకులు వేయడానికి ఏడాదికి మూడు నాలుగు సార్లు పెట్టె తెరవాల్సి వస్తుంది, మడతలు మార్చాల్సి వస్తుంది. కదలిక, వెలుతురు ఈ పురుగుకు సరిపడవు. కలరా ఉండ వేసిన ఇల్లు పది నెలలు పెట్టె వైపు చూడనే చూడదు.

ఇళ్లలో ఇప్పటికే ఉండల వాసన పట్టిన బట్టలున్నవాళ్లు వాటిని రోజుల తరబడి గాలికి ఆరవేయాలి, వాసన పూర్తిగా పోయేదాకా మళ్లీ మళ్లీ ఉతకాలి. పురిటి బట్టల కోసమైతే ఆ పెట్టె వైపు వెళ్లకపోవడమే మంచిది. గోల్ బజార్‌లో మెత్తటి మల్లు గుడ్డ మీటరు కొని రెండుసార్లు ఉతికితే సరిపోతుంది.